మతిమరుపు ముదిరినవారి నొప్పి

డిమెన్షియా మనిషి నుంచి ముందు జ్ఞాపకాన్ని, తర్వాత మాటను తీసుకుపోతుంది. నొప్పిని మాత్రం తీసుకుపోదు. మోకాలి కీలు అరిగినా, పన్ను పుచ్చినా, తుంటి ఎముక విరిగినా ఆ బాధ డిమెన్షియా ఉన్నవారికీ తగులుతుంది. దాన్ని గుర్తుపెట్టుకుని, ఇక్కడ అని చూపించి, మందు అడిగి తెప్పించుకునే శక్తే ఉండదు. అందువల్ల వీరి నొప్పి వేరే రూపాల్లో బయటపడుతుంది. కేకలు వేస్తారు, కసురుకుంటారు, ముద్ద ముట్టరు, రాత్రంతా మేలుకుంటారు, స్నానం చేయించబోతే చెయ్యి విదిలించి కొడతారు. ఇంట్లోవాళ్లు మతిమరుపు ముదిరిందనుకుంటారు. నిద్రమాత్ర వస్తుంది. మోకాలు అలాగే నొస్తూ ఉంటుంది.

పలు దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే డిమెన్షియా ఉన్నవారిలో సుమారు సగం మంది ఏదో ఒక నొప్పితో బతుకుతున్నారు. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియాలో ఈ వాటా అల్జీమర్స్ వ్యాధి వల్ల వచ్చే డిమెన్షియాలో కన్నా కొంత ఎక్కువ. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో వృద్ధులను ఉంచుకుని చూసే నర్సింగ్ హోముల్లో జరిగాయి. అక్కడ రోగిని చూసేది శిక్షణ పొందిన నర్సు. తెలంగాణ పల్లెలో చూసేది కోడలు, కూతురు, లేదా తానే ముసలితనంలో ఉన్న భార్య. ఈ వ్యాసం నిజామాబాద్ జిల్లా రుద్రూర్ పరిసరాలను ముందుంచుకుని విషయాన్ని వివరిస్తుంది.

అరిగిన ఒళ్లు

రుద్రూర్ బోధన్ నుంచి బాన్సువాడ వెళ్లే దారిలో ఉంది. ఒకప్పుడు వర్ని మండలంలోని ఊరు. 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైంది. శాసనసభకు బాన్సువాడ నియోజకవర్గంలోకి వస్తుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలకు కాలువ నీళ్లు తెచ్చింది. వరి, చెరకు విస్తరించాయి, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఏర్పడింది.

ఇవాళ డెబ్భై, ఎనభై దాటినవారి ఒళ్లు ఆ పంటల మధ్యే అరిగాయి. బురదలో వంగి దశాబ్దాలపాటు నాట్లు వేసిన ఆడవాళ్ల నడుములు, మోకాళ్లు. చెరకు నరికి మోపులు మోసిన మగవాళ్ల మెడలు, భుజాలు. ఇంటి పట్టున ఉన్న ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుట్టారు. చేట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, గంటల తరబడి నేల మీద కూర్చుని తునికాకు కత్తిరించే ఆ పని మెడనూ వేళ్ల కీళ్లనూ వెన్నునూ పట్టేస్తుంది. దీనికి తోడు 2005, 2006లలో ఉమ్మడి రాష్ట్రమంతా పాకిన చికున్‌గున్యా ఎందరికో ఏళ్ల తరబడి పోని కీళ్ల నొప్పుల్ని మిగిల్చింది. చక్కెర వ్యాధి పల్లెల్లోకీ వచ్చాక అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాయి.

ఇలాంటి మనిషికి డిమెన్షియా వచ్చినప్పుడు పాత నొప్పులు ఎక్కడికీ పోవు. నలభై ఏళ్లుగా మోకాళ్ల నొప్పి అంటున్న అవ్వ ఉన్నట్టుండి ఆ మాట మానేసిందంటే నొప్పి తగ్గిందని అనుకోవడానికి లేదు. అందుకే డిమెన్షియా రోగిని చూసే వైద్యుడికి ఇంటివాళ్లు ముందుగా చెప్పాల్సింది ఆమె చేసిన పని, అంతకుముందు నొచ్చిన చోట్లు. నా దృష్టిలో ఈ పాత చరిత్ర ఏ స్కానింగుకూ తీసిపోదు, పైగా పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కానీ దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఎంతమందికి

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు వృద్ధుల మీద జరిగిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మగవారిలో 5.8 శాతం అయితే ఆడవారిలో 9 శాతం; పట్టణాల్లో 5.3 శాతం అయితే పల్లెల్లో 8.4 శాతం. అంటే భారం పల్లెటూరి ఆడవాళ్ల మీద ఎక్కువగా పడుతోంది. కీళ్ల అరుగుదల, ఎముకలు గుల్లబారడం కూడా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఒకే మనిషి మీద రెండూ కలిసి వస్తున్నాయన్న ఎరుక మన ఆరోగ్య కార్యక్రమాల్లో ఇంకా బలపడలేదు.

ఊళ్లో ఈ జబ్బుకు చాలావరకు పేరే ఉండదు. చాదస్తం అంటారు, మతి తప్పింది అంటారు, ముసలితనం అని సరిపెట్టుకుంటారు. పేరు లేని జబ్బుకు పరీక్ష జరగదు. నొప్పినీ ముసలితనం ఖాతాలోనే రాస్తారు కాబట్టి దానికీ మందు అందదు.

మెదడులో ఏం జరుగుతుంది

డిమెన్షియాలో నొప్పి తెలియదన్న నమ్మకం వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. దీన్ని పరీక్షించడానికి మెల్‌బోర్న్ పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవారి బొటనవేలి గోటిపై ఒత్తిడి పెట్టి, అదే సమయంలో మెదడును స్కాన్ చేశారు. 2006లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నొప్పికి స్పందించే మెదడు భాగాలు ఆరోగ్యవంతుల్లో ఎలా పనిచేశాయో వీరిలోనూ అలాగే పనిచేశాయి. కొన్ని చోట్ల స్పందన ఇంకా ఎక్కువగా, ఎక్కువసేపు కనిపించింది.

మారేది నొప్పికి మనిషి ఇచ్చే అర్థం. ఇది ఎక్కడి నుంచి వస్తోంది, ఎప్పుడు తగ్గుతుంది, డాక్టరు ఎందుకు సూది గుచ్చుతున్నాడు అన్న ఆలోచనకు మెదడు ముందుభాగం, జ్ఞాపకం అవసరం. అవి దెబ్బతిన్న మనిషికి నొప్పి కారణం లేకుండా వచ్చి పడుతుంది. రేపటికి తగ్గుతుందని తనకు తాను చెప్పుకోలేడు. పుండు కడిగే నర్సు అతని కళ్లకు కొట్టడానికి వచ్చిన మనిషిలా కనిపించవచ్చు.

టూరిన్‌కు చెందిన ఫాబ్రిజియో బెనెడెట్టి బృందం 2006లోనే ఇంకో సంగతి బయటపెట్టింది. మందు వేసుకున్నాను, తగ్గుతుంది అన్న నమ్మకం వల్ల మనకు మందు బలం కొంత పెరుగుతుంది. మెదడు ముందుభాగం సంబంధాలు తెగిన అల్జీమర్స్ రోగుల్లో ఆ అదనపు బలం పోయింది. అదే ఉపశమనానికి ఎక్కువ మోతాదు కావలసి వచ్చింది. వీరికి నొప్పి మందులు మామూలుగా తక్కువ ఇస్తుంటారని గుర్తుచేసుకుంటే ఈ ఫలితం మరీ బాధ కలిగిస్తుంది.

ఆ తక్కువ ఎంత తక్కువో న్యూయార్క్‌లో ఆర్. షాన్ మోరిసన్, ఆల్బర్ట్ సియు 2000లో చూపించారు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరినవారిలో డిమెన్షియా ముదిరినవారికి దక్కిన మార్ఫిన్ తరహా మందు, మతి సరిగా ఉన్నవారికి ఇచ్చినదానిలో మూడో వంతు. ఎముక ఒకటే, ఆపరేషన్ ఒకటే. మతి సరిగా ఉన్నవారిలోనే నూటికి నలభై మందికి పైగా తీవ్రమైన నొప్పి ఉందని చెప్పారు. మూడు రెట్లు మందు దక్కినవారి సంగతే అలా ఉంటే, నోరు లేనివారు ఎంత భరించారో ఊహించవచ్చు.

నొప్పి ఎలా కనిపిస్తుంది

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. దానికి జతచేసిన వివరణల్లో, నోటితో చెప్పడం నొప్పిని వ్యక్తం చేసే అనేక మార్గాల్లో ఒకటి మాత్రమేనని, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనడానికి వీల్లేదని స్పష్టంగా రాసింది. డిమెన్షియా సంరక్షణ అంతా ఈ వాక్యం మీదే నిలబడాలి.

మొదట చూడాల్సింది ముఖం. కనుబొమలు ముడిపడటం, కళ్లు గట్టిగా మూసుకోవడం, పై పెదవి పైకి లేవడం, నోరు బిగించడం. జర్మనీలో మిర్యమ్ కుంజ్ బృందం 2007లో ప్రకటించిన అధ్యయనంలో డిమెన్షియా ఉన్నవారి ముఖం నొప్పికి మిగతావారి ముఖం కన్నా బలంగా స్పందించింది. మాట పోయినా ముఖం చెబుతోందన్నమాట. దీనికి ఒక మినహాయింపు ఉంది. పార్కిన్సన్ వ్యాధితో కలిసి వచ్చే డిమెన్షియాలో ముఖ కండరాలు బిగుసుకుపోయి ఏ భావమూ పలకవు. అక్కడ ముఖాన్ని నమ్ముకుంటే మోసపోతాం.

నాడి, రక్తపోటు కూడా అంత నమ్మదగినవి కావు. నొప్పి పుడితే గుండె వేగం పెరుగుతుందని మామూలుగా అనుకుంటాం. అల్జీమర్స్‌లో ఆ స్పందన మందగించవచ్చు. బీపీ మామూలుగా ఉంది కాబట్టి నొప్పి లేదన్న వాదన చెల్లదు.

రెండోది శబ్దం: మూలుగు, నిట్టూర్పు, ఒకే మాటను పదేపదే అనడం, పేరు పెట్టి పిలవడం, ఎప్పుడో చనిపోయిన అమ్మను తలచుకుని ఏడవడం. మూడోది ఒంటి కదలిక: ఒకవైపే పడుకోవడం, కాలు పొట్టకు ముడుచుకోవడం, కుంటడం, ఒక చోటును చేత్తో అదే పనిగా తడుముకోవడం, మంచం అంచు పట్టుకుని వదలకపోవడం. ఆ తర్వాత రోజువారీ తీరులో మార్పులు. అంతకుముందు వాకిట్లో కూర్చునే మనిషి లోపలే ఉండిపోవడం, టీ అంటే ఇష్టపడే తాత గ్లాసు తోసేయడం, రాత్రి లేచి తిరగడం, దగ్గరికి వచ్చినవారిని గిల్లడం, కొట్టడం. అమెరికా వృద్ధుల వైద్య సంఘం 2002లో ఇలాంటి గుర్తుల్ని ఆరు తరగతులుగా ఏర్పరచింది; తర్వాత వచ్చిన కొలతలన్నీ దాదాపు ఆ దారిలోనివే.

వీటన్నిటిలో విలువైన సూచన మార్పు. కొందరు మొదటినుంచీ గట్టిగా మాట్లాడేవారు, కొందరు మొదటినుంచీ మూలిగేవారు. నిన్నటిదాకా లేనిది ఇవాళ ఎందుకు వచ్చింది అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబివ్వగలిగేది రోజూ అన్నం పెట్టే మనిషే. మార్పు ఒకటి రెండు రోజుల్లోనే ముంచుకొచ్చిందంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఎముక విరగడం, కొత్తగా మొదలెట్టిన మందు వంటివి ఉండవచ్చు. అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కూర్చున్నప్పుడు కనబడని నొప్పి కదిపినప్పుడు బయటపడుతుంది. చీర మార్చేటప్పుడు, మంచం మీద నుంచి లేపేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ముఖం చూడాలి. అవ్వ కొడుతున్నదన్న ఫిర్యాదు చాలా ఇళ్లలో స్నానం దగ్గరే మొదలవుతుంది. భుజం పట్టేసిన మనిషి చెయ్యి పైకెత్తి రవిక తీయబోతే ఆమె కొట్టకుండా ఎలా ఉంటుంది?

ఏ భాషలో అడగాలి

నొప్పి గురించి రోగినే అడగాలన్నది మొదటి నియమం. తొలి, మధ్య దశల్లో ఉన్నవారు చాలామంది సరిగానే చెప్పగలరు. కానీ ఇప్పుడు, ఇక్కడ అన్న ప్రశ్నకే జవాబు వస్తుంది. గత వారం ఎలా ఉంది అంటే వారికి గుర్తుండదు, లేదంటారు, ఆ లేదు అన్న మాట చీటీ మీదికి ఎక్కుతుంది. నొప్పి ఉందా అంటే లేదని, గుంజుతున్నదా, సలుపుతున్నదా, పోటు పొడుస్తున్నదా, మండుతున్నదా అంటే అవునని చెప్పేవారు ఎంతోమంది. చెయ్యి ఆ చోట వేసి అడగాలి. జవాబు కోసం ఆగాలి. డిమెన్షియా ఉన్న మనిషికి మాట దొరకడానికి అరనిమిషం పట్టొచ్చు, మన తొందరలో పది సెకన్లు కూడా ఆగం.

రుద్రూర్, వర్ని, బోధన్ చుట్టుపక్కల ఈ ప్రశ్న ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. నిజాంసాగర్ కాలువల కింద సాగు కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. వారి పెద్దల తెలుగు వేరు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి మరాఠీ ఇంటి భాషగా ఉన్నవారున్నారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారున్నారు, తండాల్లో లంబాడీ ఉంది. రెండు భాషల మధ్య బతికిన మనిషికి డిమెన్షియా ముదిరేకొద్దీ చాలాసార్లు తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగులుతుంది. అంగట్లో తెలుగు మాట్లాడి బతికిన లంబాడీ అవ్వను ఆసుపత్రిలో తెలుగులో అడిగితే ఊరికే చూస్తూ ఉండిపోవచ్చు. మనవరాలు తమ భాషలో అడిగితే కాలు చూపిస్తుంది.

బహుభాషలకూ డిమెన్షియాకూ ఉన్న సంబంధంపై ప్రపంచమంతా ఉదహరించే పరిశోధన మన హైదరాబాద్‌లోనే జరిగింది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించడం ఆ అధ్యయనంలోని ప్రత్యేకత. అంటే మన వద్ద డిమెన్షియా రోగి చాలావరకు రెండు మూడు భాషల మనిషి. అతని నొప్పిని అడిగే పద్ధతీ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అక్షరం రానివారి కోసం జ్ఞాపక పరీక్షల్ని మార్చుకునే పని మన దేశంలో ఎప్పుడో మొదలైంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పనిచేసిన బృందం చదువు రాని హిందీ వారికి సరిపోయే పరీక్షను 1995లో తెచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షల సముదాయం తెలుగుతో సహా ఐదు భాషల్లో ఉంది. నొప్పి కొలతకూ అంత శ్రద్ధ కావాలి. సున్నా నుంచి పది దాకా ఎంత అన్న ప్రశ్న బడికి వెళ్లని అవ్వకు అర్థం కాదు. రూపాయిలో పావలా అంతనా, అర్ధనా, ముప్పావలానా, నిండు రూపాయా అని అడిగితే వేళ్లతో చూపిస్తుంది.

కొలతలు

మాట పూర్తిగా పోయినవారికి, చూసి నింపే కొలతలు వాడతారు. అందులో బాగా ప్రచారంలో ఉన్నది 2003లో అమెరికాలో వార్డెన్, హర్లీ, వోలిసర్ ప్రకటించిన ‘పెయినాడ్’. శ్వాస, నోటి శబ్దం, ముఖం, ఒంటి తీరు, ఓదార్చితే ఊరట పొందుతున్నారా అన్న ఐదింటికీ ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. ఐదు నిమిషాలు గమనిస్తే చాలు. ఆస్ట్రేలియాకు చెందిన జెన్నిఫర్ ఆబీ 2004లో తెచ్చిన కొలతలో ఆరు అంశాలున్నాయి. కెనడాలో తయారైన ‘పాక్‌స్లాక్’ అరవై గుర్తుల జాబితా. ముఖాన్ని ఫోన్ కెమెరాతో చదివే యాప్ కూడా ఆస్ట్రేలియాలో వాడుకలోకి వచ్చింది.

పెయినాడ్ అక్షరం వచ్చిన ఆశా కార్యకర్తకైనా, ఇంటర్ చదివే మనవడికైనా ఒక పూటలో నేర్పగలిగినది. అయితే ఇందులో వచ్చే అంకె నొప్పి తీవ్రతను చెప్పదు. భయం, ఆకలి, చలి కూడా అదే ముఖాన్ని తెప్పిస్తాయి. మందు వేయకముందు ఎంత, వేశాక గంటకు ఎంత అని పోల్చుకోవడంలోనే దాని ఉపయోగం.

ఎక్కడ వెతకాలి

నొప్పి గుర్తులు కనిపించాక తల నుంచి కాలి దాకా వెతకాలి. మన ఇళ్లలో ఎక్కువగా తప్పిపోయేవి రెండు: నోరు, పొట్ట. పుచ్చిన పన్ను, చిగుళ్ల చీము, సరిపోని కట్టుడు పళ్లు తిండి మానిపిస్తాయి. తినడం లేదని గ్లూకోజు ఎక్కించేవారున్నారు కానీ టార్చిలైటు వేసి నోరు చూసేవారు అరుదు. ఇక మలబద్ధకం. నీళ్లు తాగడం మరిచిపోయే, కదలని మనిషికి అది తప్పదు. వారం రోజులు విరేచనం కాని పొట్ట నొప్పి మతి ఉన్నవారినే కుదురుగా కూర్చోనివ్వదు. మూత్రం రాక నిలిచిపోవడం మగవాళ్లలో ప్రొస్టేట్ వల్ల వస్తుంది, పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుంది.

పక్షవాతం వచ్చిన వైపు భుజం, చక్కెర వ్యాధి పాదాలు, సర్పి తగ్గాక మిగిలే మంట, చెవిలో గులిమి, పెరిగి చర్మంలోకి దిగిన గోరు, ఇవన్నీ చూడాల్సినవే. పడిపోయిన మర్నాడు నడవడం మానేస్తే, పడటం ఎవరూ చూడకపోయినా, తుంటికి ఎక్స్‌రే తీయించాలి.

మంచాన పడ్డవారికి పడక పుండ్లు. అల్జీమర్స్ వ్యాధికి పేరిచ్చిన అలోయిస్ అల్జీమర్ వర్ణించిన మొదటి రోగి ఆగస్టే డెటర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరింది. చివరి రోజుల్లో కాళ్లు ముడుచుకుని మంచానికే పరిమితమై, పడక పుండ్ల నుంచి రక్తానికి విషం పాకి 1906 ఏప్రిల్‌లో చనిపోయింది. ఆమె మెదడులో కనిపించిన మార్పుల గురించి లోకం శతాబ్దానికి పైగా మాట్లాడుతోంది. ఆ పుండ్ల నొప్పి గురించి ఎవరూ మాట్లాడలేదు.

నిద్రమాత్ర ముందా, నొప్పి మాత్ర ముందా

నార్వేలో బెట్టినా హుసేబో బృందం 18 నర్సింగ్ హోముల్లోని 352 మంది డిమెన్షియా రోగులతో ఒక పరీక్ష చేసి 2011లో ఫలితాలు ప్రకటించింది. అందరికీ ఆందోళన, దురుసుతనం ఉన్నాయి. సగం మందికి మామూలు వైద్యం కొనసాగించారు. మిగతావారికి నొప్పి ఉందేమోనన్న అనుమానంతో ఎనిమిది వారాలు మెట్లవారీగా నొప్పి మందు ఇచ్చారు. అందులో ఎక్కువ మందికి ఇచ్చింది మామూలు పారాసిటమాల్. ఆ గుంపులో ఆందోళన 17 శాతం తగ్గింది. మందు ఆపగానే లక్షణాలు మళ్లీ పెరిగాయి.

దీన్ని ఆందోళన మందులతో పోల్చి చూడాలి. మానసిక రోగాలకు వాడే రిస్పెరిడాన్, ఒలాంజపైన్, క్వెటయాపైన్ వంటివి డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే మందు వివరాల పత్రంలో ప్రత్యేకంగా గడి కట్టి హెచ్చరించింది. పక్షవాతం, పడిపోవడం కూడా ఎక్కువవుతాయి. ఇవి కొందరికి నిజంగా అవసరమవుతాయి. కానీ నొప్పిని వెతకకుండా వీటిని మొదలెట్టడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. మత్తులో పడుకున్న మనిషికి నొప్పి పోలేదు, దాన్ని చూపించే ఆఖరి దారీ మూసుకుపోయింది.

వైద్యం

కారణం దొరికితే దానికే వైద్యం: పన్ను తీయించడం, విరేచనానికి మందు, విరిగిన ఎముకకు ఆపరేషన్. తర్వాత ఇంట్లో చేయగలిగినవి. వేడినీళ్ల కాపడం, మోకాళ్ల కింద దిండు, రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, రోజూ కీళ్లను నెమ్మదిగా కదపడం, నూనెతో మర్దన, పరిచయమైన పాట. స్నానానికి ముందు ఏం చేయబోతున్నామో చెప్పి చేయి పట్టుకోవడం వల్ల సగం పెనుగులాట తగ్గుతుంది.

మందుల్లో మొదటిది పారాసిటమాల్. అడిగినప్పుడు వేద్దామంటే అడగలేని మనిషికి ఎప్పటికీ అందదు. కాబట్టి వేళ ప్రకారం ఇవ్వాలి. స్నానం, పుండు కడగడం వంటి వాటికి ముప్పావుగంట ముందు పడేలా చూసుకోవాలి. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదన్నది సాధారణ హద్దు. 50 కిలోల లోపు బక్కపలచని వృద్ధులకు, కాలేయ జబ్బు, తాగుడు ఉన్నవారికి అంతకన్నా బాగా తగ్గించి వైద్యుడు నిర్ణయించాలి.

పల్లెల్లో ఎక్కువగా పడేది డైక్లోఫెనాక్ సూది. వెంటనే హాయిగా ఉంటుంది కాబట్టి వాడుక పెరిగింది. వృద్ధుల్లో అది కిడ్నీలను దెబ్బతీస్తుంది, పొట్టలో రక్తస్రావం తెస్తుంది, గుండెకూ మంచిది కాదు. బీపీ మాత్రలు వేసుకునేవారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. కడుపులో మంట అని చెప్పలేని మనిషిలో రక్తస్రావం నల్లటి విరేచనంగానే బయటపడుతుంది. ట్రమడాల్ తల తిప్పుతుంది, అయోమయాన్ని పెంచుతుంది, కొందరికి ఫిట్స్ తెస్తుంది. నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ అదే రసాయనాన్ని పెంచడానికి ఇచ్చేది. ఒకే చీటీలో రెండూ ఉంటే ఒకదాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించడం అందుకే అవసరం.

చూసేవారు, చేయూత

నిజామాబాద్ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. కొడుకు దుబాయిలో ఉంటాడు, డబ్బు పంపుతాడు, వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూస్తాడు. ఆమెను లేపేది, కడిగేది, తిట్లు తినేది కోడలు. అవ్వ కొట్టేది తన మీద కోపంతో కాదు, భుజం నొప్పితో అని తెలిసినప్పుడు ఆ కోడలికి కలిగే ఊరట చిన్నదేమీ కాదు. కాల్ చేసిన కొడుకు బాగున్నవా అని అడిగి ఊరుకోకుండా, భార్యను అమ్మ చెయ్యి నెమ్మదిగా ఎత్తమని చెప్పి, ఫోన్‌లో అమ్మ ముఖం గమనిస్తే తాను కూడా వైద్యానికి పనికొచ్చే సమాచారం ఇచ్చినవాడవుతాడు.

2014 నుంచి అమలైన ఆసరా పింఛన్లు వృద్ధులతో పాటు బీడీ కార్మికులకూ అందాయి. మందుల ఖర్చుకు చాలా ఇళ్లలో అదే ఆధారం. వృద్ధుల సహాయవాణి 14567, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 తెలుగులో పలుకుతాయి. డిమెన్షియా కుటుంబాల కోసం 1992లో కేరళలో మొదలైన భారత అల్జీమర్స్ సంఘానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది.

చివరి దశ నొప్పికి దారి చూపేది పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా బాధను తగ్గించే వైద్యం. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, గాయత్రి పాలత్ ముందుండి నడిపిన పాలియేటివ్ కేర్ సొసైటీ దీనికి తెలంగాణలో పునాది వేశాయి. తర్వాత ప్రభుత్వం ‘ఆలన’ పేరుతో జిల్లాల్లో కేంద్రాలు, మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లే వాహనాలు ఏర్పాటుచేసింది. ఈ సేవలు క్యాన్సర్ రోగులతో మొదలైనా, మంచాన పడ్డ డిమెన్షియా రోగికీ అంతే హక్కు ఉంది. కుటుంబాలు అడగాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు పంపాలి.

మార్ఫిన్ దొరకడం 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల దశాబ్దాలపాటు కష్టమైంది. 2014 సవరణ వైద్య అవసరాలకు దాన్ని సులభం చేసి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఒకే అనుమతితో నిల్వ ఉంచుకునే వీలు కల్పించింది. చాలా తక్కువ మోతాదుతో మొదలెట్టి, నెమ్మదిగా పెంచి, మొదటి రోజు నుంచే విరేచనానికి మందు జతచేస్తే వృద్ధులకు కూడా ఇది వాడదగిన మందే. మింగడం పోయినప్పుడు మాత్రను బలవంతంగా నోట్లో వేయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్‌ను మలద్వారం నుంచి, మార్ఫిన్‌ను చర్మం కింద సన్నని సూదితో ఇవ్వవచ్చు. నొప్పి ఒకే తీరుగా ఉంటే చర్మానికి అతికించే పట్టీలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఇంటి దగ్గరే, మంచం పక్కనే చేయగలిగినవి.